ఊరపిచ్చుక - గిజిగాడు : వరి రైతు తెలిసికొనదగిన భేదములు

వరి ఈనిన నాటినుండి కోత కోయు నాటివరకు రైతు నోట వినబడు మాట "పిట్టలు పాడుచేయుచున్నవి" అనునది. ఏ పిట్టలని అడిగినచో "పిచ్చుకలు" అనియే సమాధానము వచ్చును. నిజమునకు చేలో కంకిని పిండు గుంపు ఒక జాతి, ఇంటి చూరులో గూడు పెట్టి కళ్ళములో గింజలేరు జాతి మరియొకటి. మొదటిది గిజిగాడు, రెండవది ఊరపిచ్చుక. ఈ రెంటిని ఒకటిగా భావించుటవలన రెండు విధముల నష్టము కలుగుచున్నది. చేను కాపాడుకొనుటకు చేయవలసిన పని సరియైన చోట, సరియైన కాలమున జరుగుట లేదు. నేరము చేయని పక్షి చచ్చుచున్నది, చేసిన పక్షి ఎగిరిపోవుచున్నది.

రాజమహేంద్రవరమునకు ఉత్తరముగా నున్న కోరుకొండ ప్రాంతమున ఈ విషయము మరింత ముఖ్యమైనది. శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి కొండ చుట్టునుగల ఈ మెట్ట భూములలో చెరువుల క్రిందను, బోర్ల క్రిందను వరి పండుచున్నది. చేల గట్లపై తాటిచెట్లు గలవు. ఆ తాటిమట్టలకే గిజిగాని గూళ్ళు వ్రేలాడును. దక్షిణమున ధవళేశ్వరము ఆనకట్ట క్రిందనున్న డెల్టాలో కాలువకు నీరు వదలు తేదీనిబట్టి ఊళ్ళకు ఊళ్ళు ఒకేమారు ఊడ్చును. అందుచేత పంట యంతయు ఇంచుమించు ఒకేమారు పాలు పోసుకొనును, పిట్టల గుంపులు వేల ఎకరములపై చెదిరిపోవును. మెట్టలో అట్లు కాదు. ఒక చెరువు క్రింద ముందు, ఒక బోరు క్రింద వెనుక, ఇట్లు మడి మడికి కాలము మారును. చుట్టుప్రక్కల అన్నిటికంటె ముందు ఈనిన రెండెకరముల చెక్కమీద ఆ ప్రాంతపు గుంపంతయు వ్రాలును. మెట్ట రైతు పిట్టలవలన ఎక్కువ బాధపడుటకు కారణము పిట్టలెక్కువగుట కాదు, పంట విడివిడిగా పండుటయే.

గుర్తించు విధము

రెండును ఇంచుమించు ఒకే పరిమాణము గలవి, పొడవు సుమారు 15 సెం.మీ. రెండును గింజలు తిను పక్షులే. శాస్త్రజ్ఞులు రెంటిని పాటపక్షుల వర్గములోనే చేర్చిరి.

మగ ఊరపిచ్చుకకు నడినెత్తి బూడిదరంగు, కంటి వెనుక ముదురు గోధుమరంగు, చెంపలు తెలుపు, గొంతు క్రింద నల్లని మచ్చ యుండును. ఆడుపిచ్చుక మట్టిరంగు గలది, దానికి గొంతుమచ్చ లేదు.

మగ గిజిగాడు వానలు పడిన తరువాత పెండ్లికొడుకు వేషము వేయును. నడినెత్తి, రొమ్ము నిండు పసుపు, ముఖము నల్లని గోధుమరంగు. ఆ కాలమున చిన్నపిల్లవాడును దానిని గుర్తింపగలడు. వానకాలము దాటగానే ఆ పసుపు రాలిపోవును. అప్పటినుండి మగదియు ఆడుదియు ఆడుపిచ్చుకవలెనే కనబడును. మన వరి పాలు పోసుకొనునది సరిగా ఈ కాలముననే. రైతు పొరబడుటకు మూలమిదియే.

ఆ కాలమున గుర్తుంచుకొనవలసిన భేదములు నాలుగు గలవు.

1. ముక్కు: గిజిగాని ముక్కు మొదట లావై, శంఖమువలె గట్టిగా నుండును. ఊరపిచ్చుక ముక్కు అంతకంటె సన్నము.

2. తోక: గిజిగాని తోక పొట్టి. ఊరపిచ్చుక తోక దానికంటె పొడవు.

3. కనుబొమ: గిజిగానికి కంటిపై వెడల్పైన లేత పసుపుపచ్చని చార యుండును. ఆడుపిచ్చుకకు ఈ చార కంటి వెనుక భాగమున మాత్రమే తెలియును.

4. నడవడి: గిజిగాళ్ళు దట్టమైన గుంపుగా ఎగిరి, గుంపుగా వ్రాలి, గుంపుగానే లేచును. రాత్రి చెరకుతోటలలోను, జమ్ములోను చేరి నిద్రించును. ఊరపిచ్చుక మనుష్యుని విడిచి దూరము పోదు. ఇల్లు, పశువుల సావిడి, కళ్ళము, కొట్టు, గుడి మండపము - ఇవియే దాని నివాసములు.

ఊరికి అర మైలు దూరమున పొలము మధ్య యాభై, నూరు పిట్టలు ఒక్కసారి లేచినచో అవి ఊరపిచ్చుకలు కావని తలపవచ్చును. అవి గిజిగాళ్ళో, వానితో కలిసి తిరుగు మునియ పిట్టలో అయియుండును. చెరువు జమ్ములో తక్కువ ఎత్తున గూడు కట్టు, రొమ్ముపై నల్లని చారలుగల మరియొక గిజిగాడు కూడ గలదు. దాని అలవాట్లు చాలవరకు మొదటిదానివంటివే.

గూడు, సంతానము

ఊరపిచ్చుక గూడు కట్టుటలో నేర్పరి కాదు. చూరులో సందు, గోడలో బెజ్జము, ఫోటో పటము వెనుక జాగా దొరికిన చాలును. గడ్డి, ఈకలు, దూది కుక్కి గ్రుడ్లు పెట్టును. ఆలుమగలు రెండును కలసి గూడు చేర్చి, కలసి పొదిగి, కలసి పిల్లలను మేపును. మూడు మొదలు ఐదు గ్రుడ్లు పెట్టును, సుమారు రెండు వారములు పొదుగును, మరి రెండు వారములకు పిల్లలు ఎగురును. ఏటికి రెండు మూడు మార్లు ఇట్లు జరుగును.

గిజిగాడు నేతగాడు. వానలు మొదలుకాగానే మగపక్షులు తాటిచెట్టు, ఈతచెట్టు, తుమ్మచెట్టు, నీటిపైకి వంగిన కొమ్మలు చూచుకొని గూళ్ళు అల్లుటకు మొదలిడును. వరి, చెరకు, గడ్డి, తాటి, కొబ్బరి ఆకులనుండి జానెడు మొదలు మూరెడు పొడవు చీలికలు చీల్చి తెచ్చును. ఒక గూటికి సుమారు 500 మార్లు తిరుగునని లెక్కించిరి. గూడు ముగియుటకు సుమారు 18 దినములు పట్టును. నైరుతి గాలి దెబ్బ తగులకుండ తరచు చెట్టుకు తూర్పు ప్రక్కనే కట్టును. గూటి లోపల తడి మట్టి ముద్దలు కూడ అంటించును.

సగము గూడు, అనగా బోర్లించిన టోపీవంటి ఆకారము కాగానే మగపక్షులు రెక్కలాడించుచు కూయును. ఆడుపక్షులు వచ్చి పరీక్షించును. నచ్చిన గూడు పూర్తియగును, నచ్చనిది అట్లే మిగులును. ఒక ఆడుది గూట చేరిన వెంటనే మగపక్షి ప్రక్కన మరియొక గూడు మొదలిడును. ఈ విచిత్రమును మన దేశపు పక్షిశాస్త్రజ్ఞుడు సాలిం అలీ 1930 ప్రాంతమున బొంబాయి దగ్గరి కిహీము గ్రామమున స్వయముగా పరిశీలించి లోకమునకు తెలిపెను. ఆడుది రెండు మొదలు నాలుగు గ్రుడ్లు పెట్టి, ఒంటరిగా పొదుగును. సుమారు రెండు వారములకు పిల్లలు వెలువడును, మరి రెండున్నర వారములకు గూడు విడుచును.

ఇందులో రైతు గమనింపవలసిన ముఖ్యభేద మొకటి గలదు. ఊరపిచ్చుక గూళ్ళు ఊరంతటను చెదరి యుండును. ఒక ఇల్లు కూల్చినచో ఒకటి రెండు గూళ్ళు పోవును. గిజిగాళ్ళ గూళ్ళు ఒకే చెట్టున ఇరువది, ముప్పది యుండును. శ్రావణమాసమున ఒక్క తాటిచెట్టు నరికినచో ఆ ప్రాంతపు గిజిగాళ్ళ ఆ యేటి సంతానమంతయు నేలపాలగును.

పంటతో వీని లెక్క

రైతు దేనికైనను జమ, ఖర్చు చూడవలెను. ఈ పక్షులకును అట్లే చూతము. సార్వా పంటతో పోల్చి నెలల వారీగా లెక్కించినచో విషయము స్పష్టమగును.

జూన్, జూలై: ఆకుమళ్ళు పోయుదురు. మొలక గింజలను ఊరపిచ్చుకలు, పావురములు, గిజిగాళ్ళు ఏరును. ఇది ఖర్చు. నారు పచ్చబడువరకు మాత్రమే ఈ బాధ యుండును.

ఆగస్టు, సెప్టెంబరు: ఊడ్పులు ముగిసి పిలకలు తొడుగు కాలము. గిజిగాని గూళ్ళలో పిల్లలు అరచుచుండును. పక్షిపిల్లకు గట్టిగింజ అరగదు, మెత్తని మాంసాహారము కావలెను. అందుచేత తల్లి చేలలోని మిడుతలు, గొంగళిపురుగులు, ఇతర పురుగులు పట్టి మేపును. ఊరపిచ్చుకయు తన పిల్లలకు ఇట్లే పురుగులనే పెట్టును. ఇది జమ. కూలి ఇయ్యని కూలివాడు మన చేనిలో పని చేయుచున్నాడని ఎంచవలెను.

అక్టోబరు, నవంబరు: క్రొత్తపిల్లలు గుంపులలో చేరును. వరి పాలు పోసుకొనును. గిజిగాడు కంకిపై వ్రాలి, గింజను ముక్కుతో నొక్కి పాలు పీల్చి పొట్టు వదలును. ఇదియే పెద్ద ఖర్చు. ఊరపిచ్చుక ఊరి దాపున గల మళ్ళలో మాత్రమే కొంత తినును.

డిసెంబరు మొదలు: కోతలు, నూర్పిళ్ళు. రెండును రాలిన గింజలు ఏరును. చేలోను గట్లమీదను గల ఊద మొదలగు కలుపుగడ్డి గింజలను తినును. రాలిన గింజ మనకు తిరిగి రాదు కనుక అది ఖర్చు కాదు. కలుపు గింజ తినుట కొంత జమయే.

ఈ లెక్కవలన తేలునది ఏమనగా, ఆగస్టులో మన చేలో పనివాడైన గిజిగాడే నవంబరులో దొంగ యగును. దొంగతనము మూడు వారముల పని. ఆ మూడు వారములు చేనిని కాచుకొనవలెను గాని, పనివానిని ఏడాది పొడవున చంపరాదు. ఊరపిచ్చుక విషయమున కళ్ళమును, కొట్టును మూసికొన్న చాలును.

నష్టమును కొలిచి చూడుడు

తెల్లని తాలు కంకులు కనబడగానే "పిట్టలు" అనుట గాని, "పురుగు" అని మందు కొట్టుట గాని తగదు. మూడు కారణములను వేరుచేసి చూడవలెను.

కాండముతొలుచు పురుగువలన వచ్చిన తెల్లకంకి మొత్తము తెల్లబడి నిటారుగా నిలుచును. పట్టి లాగినచో సులభముగా ఊడి వచ్చును. కంపునల్లి రసము పీల్చిన గింజపై గోధుమరంగు మచ్చ యుండును, చేలో దుర్వాసన తెలియును. పిట్ట తిన్న కంకి ఊడిరాదు. కొన్ని గింజలు మాత్రమే నొక్కబడి, పొట్టు చిట్లి, దానిపై ఆరిన పాల మరక యుండును. ఈ భేదము తెలియక పిట్ట తిన్న చేనికి పురుగుమందు కొట్టిన రైతు మందు ఖర్చును, పిట్టల నష్టమును రెంటిని భరించుచున్నాడు.

కొలత విధానము సులభము. మడి లోపల నాలుగు చోట్ల, గట్టు ప్రక్క ఒక చోట, చదరపు మీటరు చొప్పున గుర్తు పెట్టి కంకులు లెక్కించుడు. ఉదాహరణకు ఐదు చోట్లను కలిపి 1,500 కంకులున్నవనుకొందము. పిట్టలు తాకినవి 60. తాకిన కంకిలో సగము గింజలు పోయినవి. అనగా పోయినది 30 కంకుల గింజ, 100కు 2 వంతులు. ఎకరమునకు 75 కిలోల బస్తాలు 30 పండు చేనిలో ఇది 45 కిలోలు, బస్తాకు తక్కువ. ఇంతమాత్రమునకు ఎంత ఖర్చు పెట్టవచ్చునో మీరే నిర్ణయించుకొనవచ్చును. అదే చుట్టుప్రక్కల అన్నిటికంటె ముందు ఈనిన ఒంటరి చెక్కలో తాకిన కంకులు దీనికి ఎన్నో రెట్లుండవచ్చును. అచ్చట కాపుదల తప్పనిసరి. దెబ్బ గట్టు ప్రక్కన మాత్రమే కనబడినచో కాపుదలయు గట్టు ప్రక్కకే చాలును.

కాపుదల పద్ధతులు

1. ఒకేమారు ఊడ్చుట: ఒక చెరువు క్రింది రైతులందరు, ఒకే దిక్కున గల బోర్ల రైతులందరు కలసి మాట్లాడుకొని, ఒకే కాలపరిమితిగల రకములను వారము పదిదినముల లోపల ఊడ్చినచో నష్టము అందరిపై పంచబడి, ఏ ఒక్కరిని ముంచదు. ఖర్చు లేనిదియు, అన్నిటికంటె గొప్పదియు నగు పద్ధతి ఇది. దీనికి ఐకమత్యము కావలెను, ధనము అక్కరలేదు.

2. ఆకుమడి: మొలక కట్టిన విత్తనము చల్లిన తరువాత నారు పచ్చబడువరకు కావలి యుండవలెను. మందు పట్టించిన విత్తనమును గట్లమీద ఒలుకనీయరాదు. కొన్ని విత్తనశుద్ధి మందులు, ముఖ్యముగా ఇమిడాక్లోప్రిడ్, పిచ్చుకవంటి చిన్న పక్షికి విషప్రాయములు. ఒలికిన గింజలను ఏరి మట్టిలో పూడ్చుడు.

3. మెరుపు రిబ్బను: ఒక ప్రక్క ఎరుపు, మరియొక ప్రక్క వెండి మెరుపు గల సన్నని రిబ్బనును పది మీటర్లకొక కర్ర పాతి, పైరుకు సుమారు అర మీటరు ఎత్తున రెండు మూడు మెలికలు త్రిప్పి కట్టవలెను. ఎండలో మెరయుచు, గాలిలో చప్పుడు చేయుచు పిట్టలను బెదరించును. పాలు పోసుకొనుటకు ఒకటి రెండు దినములు ముందు కట్టవలెను. గుంపు రుచి మరిగిన తరువాత కట్టిన ఫలము తక్కువ.

4. కావలి: గుంపులు ఎక్కువగా తినునది ప్రొద్దున ఎండ ముదురువరకు, మరల సాయంకాలము ఎండ తగ్గినప్పటినుండి. ఈ రెండు పూటలు మంచెపైనుండి డప్పు, వడిసెల, కేకలతో తోలినచో చాలును, దినమంతయు నుండ నక్కరలేదు. నలుగురు ఇరుగుపొరుగు రైతులు వంతులు వేసికొనవచ్చును. పిల్లలను బడి మాన్పించి మంచె ఎక్కించుట మాత్రము ఎన్నటికిని తగదు. నాలుగు కిలోల వడ్లకంటె ఒక దినపు చదువు విలువైనది.

5. మార్పు: దిష్టిబొమ్మయైనను, డబ్బా చప్పుడైనను మూడు నాలుగు దినములకు పిట్టలు అలవాటుపడును. అందుచేత బొమ్మ చోటు మార్చుచు, ఒక దినము రిబ్బను, ఒక దినము చప్పుడు, ఇట్లు మార్చి మార్చి వాడవలెను.

6. కళ్ళము, కొట్టు: ఆరబోసిన ధాన్యమును ఊరపిచ్చుకలనుండి కాపాడుటకు పాత చీర గాని, వల గాని గుంజలపై బిగువుగా ఎత్తి కట్టినచో చాలును. పిచ్చుక చిక్కుకొనునట్లు వదులుగా పరువరాదు.

చేయరాని పనులు

విషపు గింజలు చల్లరాదు. ఆ గింజలను కోళ్ళు తినును, నెమళ్ళు తినును. చచ్చిన పిట్టను కుక్క, పిల్లి, గ్రద్ద తినును. కార్బోఫ్యూరాన్ వంటి గుళికలు చిన్న గింజలవలె కనబడి పక్షులు తిని చచ్చుటచేత, అమెరికాలో ఆ గుళికల వాడకమును 1990 తరువాత దాదాపు మానిపించిరి.

సన్నని చేపల వలలు గట్లవెంట నిలువుగా కట్టరాదు. వానిలో గిజిగాళ్ళకంటె ముందు రాత్రిపూట గుడ్లగూబ చిక్కుకొనును. గుడ్లగూబ ఎలుకలను పట్టు పక్షి. వరికి ఎలుక చేయు చెరుపు గోదావరి రైతుకు వేరుగ చెప్పనక్కరలేదు. పిట్టకు కట్టిన వల ఎలుకకు మేలు చేయును.

గూళ్ళు దులుపరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము పక్షులను పట్టుట, అమ్ముట మాత్రమే కాక, గ్రుడ్లను, గూళ్ళను చెరచుటయు నేరము. గిజిగాళ్ళు విడిచిన పాతగూళ్ళలో మునియలు కాపురముండును. కావున అలంకారమునకని వానిని కోసి తెచ్చుటయు మంచిది కాదు.

ఇన్ని యుండగా రక్షణ ఎందుకు?

ఈ ప్రశ్న న్యాయమైనదే. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘము 1964 నుండి జీవజాతుల ఎర్రపట్టికను ప్రకటించుచున్నది. అందులో మెట్లు గలవు. ప్రస్తుతము భయము లేనివి, ముప్పునకు చేరువైనవి, ముప్పులోనున్నవి, మిక్కిలి ముప్పులోనున్నవి, అంత్యదశలోనున్నవి. మన ఊరపిచ్చుక, గిజిగాడు రెండును మొదటి మెట్టుననే యున్నవి. కాని మొదటి మెట్టుననున్న పక్షి అచ్చటనే యుండునని నమ్ముటకు వీలులేదు.

ఉత్తర ఆసియాలో గ్రుడ్లు పెట్టి, చలికాలమున చైనా మొదలగు దేశములకు వచ్చి వరిచేలలో మేయు పసుపురొమ్ము పిట్ట యొకటి గలదు. లెక్కకు మించి యున్నదని దానిని వలవేసి పట్టి ఆహారముగా అమ్మిరి. చైనాలో 1997లో నిషేధించిన తరువాతను రహస్యముగా అమ్మకము సాగెను. 2004లో అది ముప్పునకు చేరువైనదిగా, 2008లో ముప్పులోనున్నదిగా, 2013లో మిక్కిలి ముప్పులోనున్నదిగా, 2017లో అంత్యదశలోనున్నదిగా ప్రకటింపబడెను. 1980 మొదలు 2013 లోపల నూటికి 84 మొదలు 95 వరకు నశించినవని అంచనా. పదమూడేండ్లలో నాలుగు మెట్లు దిగెను. వరిచేని పక్షికే ఈ గతి పట్టెను.

మన గిజిగానికి సాక్షాత్తు దాయాది యగు ఫిన్ గిజిగాడు ఉత్తరాఖండము, ఉత్తరప్రదేశము, అస్సాములలోని తేమ గడ్డిభూములలో నుండును. ఆ గడ్డి నేలలు, గూడు కట్టు చెట్లు తరిగిపోవుటచేత 2021లో అది మిక్కిలి ముప్పులోనున్న జాతిగా ప్రకటింపబడెను. రెండును గూడు అల్లు పక్షులే. ఒకదానికి చెట్టు మిగిలెను, మరియొకదానికి మిగులలేదు.

ఊరపిచ్చుక సంగతి చూడుడు. ఇంగ్లండులో 1977 మొదలు 2008 లోపల నూటికి 70 వంతులు తగ్గెను. 2002 నుండి అచ్చటి ఎర్రజాబితాలో నున్నది. పట్టణములలో పిల్లలకు పెట్టుటకు పురుగులు దొరకకుండుట ఒక ముఖ్యకారణమని పరిశోధనలవలన తెలిసెను. మన దేశమున 2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక ప్రకారము దేశము మొత్తముమీద ఊరపిచ్చుక ఇంచుమించు నిలకడగా నున్నను, హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు, ముంబయి, కోల్‌కత, ఢిల్లీ నగరములలో తగ్గినది. సెల్‌ఫోను స్తంభములే కారణమను మాట వినికిడిలో నున్నను దానికి తగిన ఋజువు లేదు. కంటికి కనబడు కారణములు వేరు. పెంకుటిండ్లు పోయి సందులేని స్లాబు ఇండ్లు వచ్చినవి. గాదెలు, పురులు పోయినవి. కోతయంత్రము చేలోనే నూర్చి ధాన్యమును నేరుగా ట్రాక్టరులో పోయుటచేత కళ్ళములు తరిగినవి. మందుల వాడకమువలన పురుగులు తరిగినవి. నేడు నగరమున జరిగినది రేపు పల్లెలో జరుగకుండునని చెప్పజాలము.

పిచ్చుకలను కావలెనని చంపిన ఫలితము కూడ చరిత్రలో గలదు. చైనా ప్రభుత్వము 1958లో ఎలుకలు, ఈగలు, దోమలతోపాటు పిచ్చుకలను కూడ నిర్మూలింప ప్రజలను పురికొల్పెను. ప్రజలు డప్పులు, పళ్ళెములు మ్రోగించి వ్రాలనీయక పిచ్చుకలను అలసి పడిపోవునట్లు చేసిరి. గింజలు మిగులునని తలచిరి. పురుగు పెచ్చు పెరిగెను. 1960లో పిచ్చుకను ఆ జాబితానుండి తొలగించి, నల్లిని చేర్చిరి. తరువాత వచ్చిన కరవునకు అనేక కారణములున్నను, పిచ్చుకల సంహారము రైతుకు ఒక్క గింజను మిగిల్చినది కాదు. చైనీయులు చంపినది ఊరపిచ్చుకకు సోదరజాతి యగు చెట్టుపిచ్చుక. అది మన తూర్పు కనుమలలో విశాఖ మన్యపు ప్రాంతమున నేటికిని గలదు.

గ్రామములో చేయదగిన పనులు

రెండు పక్షుల అవసరములు వేరు కనుక చేయవలసిన పనులును వేరు.

గిజిగాని కొరకు: పంచాయతీవారు, గ్రామాధికారులు జూలై, ఆగస్టు నెలలలో ఒక దినము బడిపిల్లలతో పొలములు తిరిగి, గూళ్ళున్న తాటిచెట్లు, తుమ్మచెట్లు లెక్కించి ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. ఏ చెట్టుకు ఎన్ని గూళ్ళో ప్రతియేట వ్రాసినచో నాలుగేండ్లకు పెరుగుచున్నవో తరుగుచున్నవో మీకే తెలియును. పుంత వెడల్పు చేయునపుడును, చెరువుగట్టు బాగుచేయునపుడును ఆ చెట్లను విడిచిపెట్టవలెను. తప్పనిసరిగా కొట్టవలసినచో గూళ్ళు ఖాళీ యగువరకు, అనగా అక్టోబరు వరకు, ఆగవలెను. కొట్టిన ఒక్కొక్క తాటికి బదులు గట్టుపై పది తాటిటెంకలు పాతవలెను. తాటి ఎదుగుటకు ఏండ్లు పట్టును కనుక నేడే మొదలిడుట మంచిది.

ఊరపిచ్చుక కొరకు: క్రొత్త ఇల్లు కట్టువారు చూరు క్రింద గాని, వసారా గోడలో గాని ఒకటి రెండు చిన్న గూళ్ళు విడువవచ్చును. లేనిచో చిన్న కుండకు గాని, చెక్కపెట్టెకు గాని మూడు సెం.మీ.లకు కొంచెము పైబడిన బెజ్జము చేసి, మనిషి ఎత్తుకు పైన, ఎండ వాన తగులని చోట, పిల్లికి అందకుండ కట్టుడు. బెజ్జము పెద్దదైనచో గోరువంకలు ఆక్రమించును. వేసవిలో మట్టిచిప్పతో నీరు పెట్టుడు.

మన గోదావరి సీమలో క్రొత్త వరికంకులను కుచ్చులుగా అల్లి ఇంటి చూరునకు, గుడి మండపమునకు వ్రేలాడగట్టు ఆచారము పూర్వమునుండి గలదు. కోతలకు ముందు చేనిలోని మంచి కంకులు గుప్పెడు కోసి అట్లు కట్టుట ఏ రైతుకును భారము కాదు. పిచ్చుకకు ఇయ్యదలచిన గింజను ఇంటికడ ఇచ్చి, చేనికడ కాపు కాయుట అను తెలివి ఆ ఆచారములో ఇమిడియున్నది.

ముగింపు

రైతు సోదరులారా! ఈ సార్వాలో మీ చేను పాలు పోసుకొనునపుడు వ్రాలిన గుంపును ఒక్క నిమిషము పరికించి చూడుడు. ముక్కు లావు, తోక పొట్టి, కనుబొమ పసుపుచార గలదియైనచో గిజిగాడు. దానికి మూడు వారముల కావలి వేయుడు, ఆగస్టులో అది పట్టిన పురుగులను జ్ఞప్తియందుంచుకొనుడు. కళ్ళమున చేరినది ఊరపిచ్చుక యైనచో ధాన్యముపై గుడ్డ కప్పుడు, చూరున ఒక కుచ్చు కట్టుడు. వచ్చే యేటికి మీ చెరువు క్రింది రైతులందరు ఒక్కచోట చేరి ఊడ్పుల తేదీని ఇప్పుడే నిశ్చయించుకొనుడు. పిట్టలవలని బాధలో పెద్దభాగము ఆ ఒక్క సమావేశముతోనే తీరగలదు.